గేటు బయట నాయిన

మా నాయిన డప్పు కొట్టుకుంట ముందు నడిచిండు. పెద్దమనుషులు వెనక నడిచిన్రు. గేటు కాడికి రాంగనె నాయిన పక్కకు తప్పుకున్నడు. పెద్దమనుషులు లోపలికి పోయిన్రు. వాళ్ల వెనక నేను గూడ లోపలికి పోయిన.

1986 నవంబరు సంగతి ఇది. కోదాడ చుట్టుపక్కల ఒక ఊళ్లె గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నయి. ఏ ఊరో, ఏ సంస్థో చెప్పే పని లేదు. ఆ రోజుల్ల ఏ ఊళ్లెనైన అట్లనే జరిగేది. నేను అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ గోడపత్రికలో రాసిన ఒక కవిత చూసి, సభలో చదవమని పిలిచిన్రు. నా పేరులో కులం కనపడదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ముఖ్య అతిథి హైదరాబాదు బస్సు దిగుతడు, బస్టాండు నుంచి సభ దాక ఊరేగింపు తీయాలన్నరు. ఊరేగింపు అన్నంక డప్పులు ఉండాలె. డప్పులు కావాలంటే మాదిగవాడకు కబురు పోవాలె. వచ్చిన నలుగుర్ల మా నాయిన ఒకడు. నేను ఆ సభల ఉంటనని ఆయనకు తెల్వదు. ఆయన వస్తడని నాకు తెల్వదు. బస్టాండు కాడ ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నం. నేను ఇస్త్రీ చొక్కా ఏసుకొని పెద్దమనుషుల నడుమ ఉన్న. నాయిన తువ్వాల తలకు చుట్టుకొని ఉన్నడు. నేను తల దించుకున్న. ఆయన నన్ను పిలవలేదు. నా మొకం చూసి సంగతి అర్థం చేసుకున్నడు. పిలిచి ఉంటే నాకు ఆ రోజు కోపమొచ్చేది. పిలవనందుకు నలభై ఏండ్లుగా కడుపు రగులుతనే ఉన్నది.

లోపల ప్రార్థనా గీతం, జ్యోతి వెలిగించుడు, దండలు. బయట మావోళ్లు తిరుగు ఊరేగింపు కోసం డప్పులు కాపుకుంటున్నరు. డప్పు మెత్తబడితే మోగదు, మంట మీద కాపాలె. ఎండుగడ్డి పొగ కిటికీల నుంచి లోపలికొచ్చింది. వేదిక మీది ఒకాయన ముక్కు మూసుకొని, "ఎవరయ్యా అది, కిటికీ వేయండి" అన్నడు. కిటికీ పక్కన కూర్చున్నది నేనే. లేచి నేనే వేసిన.

ఆ రోజు ముఖ్య అతిథి తెలుగు సంస్కృతి గురించి గంట సేపు చెప్పిండు. 1901లో హైదరాబాదులో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం గురించి, దాన్ని నిలబెట్టిన మునగాల రాజా గురించి, కొమర్రాజు లక్ష్మణరావు గురించి చెప్పిండు. "ఈ గడ్డ మీద పుట్టినందుకు మీరు గర్వపడాలి" అన్నడు. నేను చప్పట్లు కొట్టిన. నిజంగనే గర్వపడ్డ.

రాత్రి ఇంటికి పోతే నాయిన అరుగు మీద కూచొని ఉన్నడు. నేను ఏం మాట్లాడలేదు. ఆయనే అన్నడు: "బాగనే చదివినవ్ రా. మైకుల ఇనపడ్డది." కొంచెం సేపాగి మళ్లీ అన్నడు: "ఆయన చెప్పిన రాజు మన పరగణా రాజే గదా. పట్నంల పుస్తకాలకు ఇల్లు కట్టించిండా? మరి మన వాడకు పలక గూడ రాకపాయె."

ఆ మాట ఒక్కటి పట్టుకొని నేను ఈ వ్యాసం రాస్తున్న.

*

మా ఊరు పాత మునగాల పరగణాలోది. ఈ తరం పిల్లలకు తెలియదు గనుక చెప్పాలె. కోదాడ నిజాం ఇలాకా. దాని పక్కన మునగాల పరగణా మాత్రం ఇంగ్లీషోళ్ల ఇలాకా, కృష్ణా జిల్లా కిందికి వచ్చేది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ తెల్లదొరల కింద ఒక జమీందారీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినంక నల్గొండ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఆ జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు.

హైదరాబాదులో రెసిడెన్సీ బజారు అని ఉండేది. ఇప్పటి సుల్తాన్‌బజారు. నిజాం పట్నం నడుమ ఉన్నా అది తెల్లదొర రెసిడెంటు అధికారం కిందనే నడిచేది. అక్కడ సభ పెట్టుకోవడానికి, సంఘం పెట్టుకోవడానికి కొంత వెసులుబాటు. అక్కడ రావిచెట్టు రంగారావు గారింట్ల 1901 సెప్టెంబరు 1న భాషానిలయం మొదలైంది. 1906లో వీళ్లే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన్రు. తెలుగులో చరిత్ర, సైన్సు, జీవిత చరిత్రలు అచ్చేసిన్రు. ఇవన్నీ మంచి పనులే. నేను ఆ పుస్తకాలే చదువుకొని నాలుగక్షరాలు రాయ నేర్చిన. తిన్న ఇంటి వాసాలు లెక్కబెట్టే రకం కాదు నేను. కానీ ఈ ఇంటి వాసాలు మా వాడ నుంచే పోయినయి. అందుకే లెక్కబెడుతున్న.

ఆ మండలి అచ్చేసిన మొట్టమొదటి పుస్తకం ఏంది? గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. 1907. అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వాన్ని తీసేసిన మనిషి కథ. ఎంత గొప్ప ఎంపిక! తెలుగు చదువరులు ఆ పుస్తకం చదివి కండ్లనీళ్లు పెట్టుకొనే ఉంటరు. ఆ పుస్తకం అచ్చయిన పాతికేండ్లకు గూడ మునగాల పరగణాలో వెట్టి పోలేదు. 1930ల్లో రైతులు జమీందారీ మీద తిరగబడి, వెట్టి బందు కావాలె, దొంగ వసూళ్లు బందు కావాలె అని కొట్లాడవలసి వచ్చింది. పట్నంల లింకన్, పరగణాల వెట్టి. ఒకే చేతి కింద రెండూ నడిచినయి.

మా తాత వెట్టి మాదిగ. ఎవరింట్ల చేసిండో ఆ పేరు ఇక్కడ రాయను. ఒక్క పేరు రాస్తే తప్పంతా ఆ పేరు మీదికి పోయి మిగిలినోళ్లంతా నిమ్మళంగ ఉంటరు. తాత చేసిన పని మాత్రం రాస్త. చచ్చిన గొడ్డును మోసిండు. తోలు తీసిండు. తంగెడు చెక్క నీళ్లల్ల నానబెట్టి లందల తొక్కిండు. చెప్పులు కుట్టిండు. మోటబొక్కెనకు తోలు తొండం కుట్టిండు. ఆ తొండంతోటి బాయి నీళ్లు పారినయి, ఆ నీళ్లతోటి వరి పండింది, ఆ వరి శిస్తయింది, శిస్తు ఖజానా అయింది, ఖజానాల కొంత పట్నం పోయి పుస్తకమైంది. ఆ కాలం పెద్ద పుస్తకాలకు వీపున తోలు అంటించేటోళ్లు. ఆ తోలు సంగతి గూడ ఆలోచించుకోన్రి. భాషానిలయం తలుపు మమ్ముల చూసి మూసిన్రని నేను అనను. మా దాక అక్షరమే రానియ్యలేదు గనుక తలుపు మూసే అవసరమే వాళ్లకు పడలేదు.

*

తెలుగు పెద్దలు ఎప్పుడూ చెప్పుకునే అవమానం ఒకటి ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. పూనా నుంచి వచ్చిన కర్వే పండితుడు అధ్యక్షుడు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే మరాఠీ, ఉర్దూ వాళ్లు గేలి చేసిన్రు. ఆయన దిగిపోవలసి వచ్చింది. ఆ రాత్రే తెలుగు వాళ్లు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నరు. తర్వాత అది ఆంధ్ర మహాసభ అయింది. తెలంగాణ చైతన్యం ఆ రాత్రి పుట్టిందని పుస్తకాలు చెబుతయి.

అవమానం నిజమే. తన భాషలో నోరు తెరిస్తే నవ్వే సభ ఎట్ల ఉంటదో మాకు చెప్పనక్కర లేదు. మరి నేను ఒకటి అడుగుత. ఆ వకీలును మరాఠీలో, ఉర్దూలో గేలి చేసిన్రు. మమ్ముల ఏ భాషలో గేలి చేసిన్రు? తెలుగులోనే గదా! "ఒరే మాదిగోడా, దూరం" అన్నది తెలుగే గదా! ఒక్క రాత్రి అవమానానికి సంఘం పుట్టింది, వెయ్యేండ్ల అవమానానికి సామెతలు పుట్టినయి. తెలుగు సామెతల పుస్తకం తీసి మా కులాల పేర్లు ఎన్నిసార్లు వస్తయో, ఏ సందర్భంలో వస్తయో చూడున్రి. భాషను కాపాడాలనే పెద్దలు ముందు ఆ భాషను కడగాలె గదా.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సభకు భాగ్యరెడ్డి వర్మ పోయిండు. అంటరానితనం మాట ఎత్తితే సనాతనులకు కంటగింపైంది. తెలుగు వాళ్లందరి సభ అన్నరు గదా, ఆ అందర్ల ఎవరెవరున్నరో ఆడ తేలిపోయింది.

*

ఇప్పుడు నిజమైన సంగతికి వస్త. రెసిడెన్సీ బజారుకు పక్కనే ఇసామియా బజారు. నడిచిపోయే దూరం. 1901లో ఈ పక్కన భాషానిలయం వస్తే, 1906లో ఆ పక్కన భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టిండు. ఒకటి పట్నపు పై కులాల తెలుగు సంస్కృతి, రెండోది పట్నపు మాలమాదిగల తెలుగు సంస్కృతి. చరిత్ర పుస్తకాల మొదటిదానికి అధ్యాయాలున్నయి. రెండోది ఒక పేరాలో, లేకుంటే అడుగున చిన్నక్షరాలల్ల కనపడుతది.

భాగ్యరెడ్డి వర్మ 1888లో పుట్టిండు. అసలు పేరు మాదరి భాగయ్య. ఆయనకు ఒక సంగతి అర్థమైంది. మన జనం అక్షరం రానోళ్లు, పుస్తకం ఇస్తే ఏం చేసుకుంటరు? అందుకని హరికథలు పెట్టించిండు, భజనలు పెట్టించిండు. చెవితోటి జనాన్ని కూడేసిండు. తర్వాత 1910 నుంచి బడులు పెట్టిండు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడై, మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చెప్పిండు. 1931లో తన భాగ్యనగర్ పత్రికలో 'వెట్టి మాదిగ' అని కథ రాసిండు. మునగాల రాజా పట్నంలో లింకన్ కథ అచ్చేయిస్తే, పట్నపు మాలబిడ్డ మా తాత కథ రాసిండు. నేను ఎవరికి దండం పెట్టాలె?

హైదరాబాదు నుంచి బెజవాడకు పోయే తొవ్వ మీదనే మా కోదాడ ఉన్నది. ఈ దిక్కు ఇసామియా బజారు, ఆ దిక్కు పంచమ మహాసభ. రెండింటి నడుమ పుట్టిన నాకు ఈ పేరు బడిలో ఎవరూ చెప్పలేదు. డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినంక మా వాళ్లు పెట్టుకున్న సభల్లో మొదటిసారి విన్న. మా వాళ్ల నెత్తురు కారితే తప్ప మా వాళ్ల చరిత్ర మా దాక రాలేదు.

అయితే దండం పెట్టినంత మాత్రాన ప్రశ్న అడగొద్దని లేదు. భాగ్యరెడ్డి వర్మ జోగిని ఆచారం పోవాలన్నడు. వెయ్యిసార్లు సరైన మాట. ఆడబిడ్డను దేవత పేరు మీద ఊరికి అప్పజెప్పే దాన్ని ఎవరైన సంస్కృతి అంటే వాని నాలుక తెగ్గొయ్యాలె. కల్లు, సారా మానాలన్నడు. ఇండ్లు గుల్లయితున్నయి గనుక అదీ అర్థమైతది. ఆయన జీవహింస వద్దన్నడు, జంతుబలి వద్దన్నడు. ఇక్కడ నాకు గుబులు. బలి ఒక్కటి పోతే ఒక్కటే పోదు. దాని వెనక బైండ్లాయన జమిడిక ఉన్నది, ఎల్లమ్మ కథ ఉన్నది, డప్పు దరువులున్నయి, రాత్రంతా మేలుకొనే మా వాడ ఉన్నది. పై కులాలోళ్లు మనల్ని మనుషులుగ చూడాలంటే మనం వాళ్ల లెక్క తినాలె, వాళ్ల లెక్క మొక్కాలె అనే షరతు పట్నం పెట్టింది. పట్నం సంస్కృతి కట్టమన్న సుంకం అది. ఆ కాలంల ఆ సుంకం కట్టక తప్పలేదేమో. ఆయనను తప్పుబట్టే యోగ్యత నాకు లేదు. నేను గూడ కట్టిన. కిటికీ వేసినప్పుడు నేను కట్టింది ఆ సుంకమే.

*

మా వాడకు ఏటా చిందోళ్లు వచ్చేది. మాదిగల మీద వాళ్లకు మిరాశి హక్కు. వచ్చిన్రంటే పెట్టాలె, ఇయ్యాలె. పొద్దుగూకినంక మొదలుపెడితే తెల్లారే దాక ఆట. జాంబపురాణం ఆడేది. అండ్ల జాంబవంతుడు బాపనాయనతోటి వాదం పెట్టుకుంటడు. నువ్వు పెద్దనా నేను పెద్దనా, భూమి పుట్టకముందు ఎవడున్నడు, గోవును ఎవరు కోసిన్రు, ఎందుకు కోసిన్రు, తప్పు ఎవరిది? ఒక్కొక్క మాటకు వాడంతా ఈలలు. మా నాయినకు చదువు రాదు, కానీ ఆ వాదమంతా నోటికి వచ్చు. నేను తర్కశాస్త్రం కాలేజీలో చదివిన. పూర్వపక్షం, సిద్ధాంతం అంటే ఏందో నాకు ముందు తెలిసింది కాలేజీల కాదు, చిందుల పందిట్ల.

ఇది మాకు పురాణమూ, చరిత్రా, వాదమూ. పట్నం పండితుడు దీన్ని ఏమన్నడు? ముందు చాలా కాలం ఏమీ అనలేదు, అంటే ఉన్నట్టే గుర్తించలేదు. తర్వాత 'జానపదం' అన్నడు. ఆ మాట మీదనే నా కొట్లాట.

1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. తెలంగాణలో కవులు లేరని ముడుంబ వెంకట రాఘవాచార్యులు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి పౌరుషానికి పోయి 354 మంది కవులను లెక్కజూపిండు. నాకు ఆ పౌరుషం ఇష్టం. అదే ప్రతాపరెడ్డి తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిండు, రాజుల సంగతి పక్కనబెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటల గురించి రాసిండు. అది చిన్న పని కాదు. కానీ సంచిక లెక్కబెట్టింది పద్యం రాసేటోళ్లను. కాగితం మీద ఉంటేనే కవి. నోట్ల ఉంటే కవి కాదు. తెలంగాణ పండితునికి "నువ్వు లేవు" అన్న మాట ఎంత మంట పుట్టించిందో, ఆ మాటనే మా చిందోళ్లకు, బైండ్లోళ్లకు, డక్కలోళ్లకు ఈ పండితులు తరతరాలుగా అంటున్నరు. వాళ్ల లెక్క తీసేటందుకు ఏ పత్రికా సంపాదకుడు పౌరుషానికి పోయిండు?

నిజాముబాదు జిల్లా చిందు ఎల్లమ్మ ఆడవేషం, మగవేషం రెండూ కట్టి జీవితమంతా ఆడింది. 2005లో పోయింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేండ్లు తిరిగినంక, 2024లో, ఆయన హైదరాబాదు శివార్లల్ల కూలి పని చేస్తున్నడని పత్రికలు రాసినయి. పెద్ద సంగీతకారునికి బిరుదు వస్తే సభలు పెరుగుతయి, శిష్యులు పెరుగుతరు, రేటు పెరుగుతది. మా వానికి బిరుదు వస్తే ఫొటో పెరుగుతది. ఎందుకంటే 'శాస్త్రీయం' అన్నదానికి కాలేజీలున్నయి, ఉద్యోగాలున్నయి, సిలబసు ఉన్నది. 'జానపదం' అన్నదానికి ఊరేగింపు ఉన్నది.

2014లో బోనాలను రాష్ట్ర పండుగ చేసిన్రు. సంతోషమే. లష్కర్ బోనాల కథ ఎవరిది? సికింద్రాబాదు దండులో డోలీ మోసిన సురిటి అప్పయ్యదని చెప్పుకుంటరు. 1813లో గత్తర వస్తే ఉజ్జయినిల మొక్కుకొని, వచ్చినంక ఇక్కడ మహంకాళిని నిలబెట్టిండట. తెల్లదొరలు డోలీల కూర్చుంటే, మోసినోడు పట్నానికి పండుగ ఇచ్చిండు. కంటోన్మెంటు క్లబ్బులు ఇయ్యలేదు, దివాన్‌ఖానాలు ఇయ్యలేదు. ఇప్పుడు ఆ పండుగకు పట్టుచీరలు వచ్చినయి, వీఐపీ పాసులు వచ్చినయి. డప్పు కొట్టేటోడు మాత్రం బారికేడ్ల ఇవతలనే ఉన్నడు. గేటు జరిగింది, నాయిన జరగలేదు.

*

"కళకు కులమేందయ్యా" అంటరు కొందరు. ఆ మాట చెప్పేటోళ్లు మద్రాసు పోయి చూడున్రి. తెలుగు కీర్తనలు అరవదేశంల పాడుతరని మనోళ్లు మస్తు గర్వపడుతరు గదా. 1928లో అక్కడ మ్యూజిక్ అకాడమీ పుట్టింది. సభ నడుమ మృదంగం మోగుతది. ఆ మృదంగానికి ఆవు తోలు, బర్రె తోలు, మేక తోలు మూడూ కావాలె. ఆ తోలు తెచ్చి, గీకి, సాపు చేసి, శ్రుతికి తెచ్చేది ఎక్కువగా దళితులే, అండ్ల క్రైస్తవులైనోళ్లు చాలమంది. చెవి లేనిది శ్రుతి ఎట్ల తెస్తరు? వాళ్లది సంగీత జ్ఞానం కాదా? టి.ఎం. కృష్ణ అనే గాయకుడు, బాపనాయనే, వాళ్ల జీవితాల మీద 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాసిండు. ఆవిష్కరణకు హాలు ఇస్తమని ఒప్పుకున్న కళాక్షేత్ర ఆఖరు గడియల్ల ఇయ్యమన్నది. తోలు లోపలికి పోవచ్చు, తోలు కథ పోవద్దు.

మృదంగం తోలే, డప్పూ తోలే. ఒకటి దేవుని ముందర కూర్చుంటది, ఒకటి శవం ముందర నడుస్తది. తేడా తోలుల లేదు, వాయించే చేతి కులంల ఉన్నది. ఉన్నత సంస్కృతి వేరు, ప్రజా సంస్కృతి వేరు, రెండూ రెండు నదుల లెక్క పారినయి అని పరిశోధకులు రాస్తే నాకు నవ్వొస్తది. ఒకదాని పొట్టల ఇంకొకటి ఉన్నది. మా పని మింగి, మా పేరు ఊసి, మిగిలినదాన్ని సంస్కృతి అన్నరు.

*

ఇంత మాట్లాడిన నేను మా వాడ సంగతి దాచి పెడితే అది గూడ కిటికీ వేసినట్టే. డక్కలోళ్లు మా వాడకు కిన్నెర పట్టుకొని వచ్చేది. మా వంశం పేర్లు, మా గోత్రాలు, మా పెద్దల కథలు చెప్పేది. వాళ్లను మేం ఎక్కడ కూర్చోబెట్టినం? వాడకు అవతల, దూరంగ. మా బాయి నీళ్లు వాళ్లను తోడుకోనియ్యలేదు. మా చరిత్రను నోట్ల పెట్టుకొని తిరిగేటోన్ని మేమే అంటరానోన్ని చేసినం. ఊరు మమ్ముల నేర్పిన పాఠాన్ని మేం వాళ్ల మీద అప్పజెప్పినం. చిన్నప్పుడు ఒక డక్కల ముసలాయన దగ్గరికి నేను కిన్నెర చూడబోతే మా అవ్వ రెక్క పట్టి గుంజుకొచ్చింది. ఆ రోజు గేటు కాపలా మా అవ్వ. దీనికి కూడ జవాబు చెప్పుకోకుండా పట్నపోళ్ల మీద రాళ్లేస్తే ఆ రాళ్లు మా మీదనే పడుతయి.

*

మరి ఏం కావాలె మీకు అంటరు. చెబుత.

ఊరేగింపుల ముందు నడిచే గౌరవం మాకొద్దు. డప్పును 'జానపద వాద్యం' అని అద్దాల పెట్టెల పెట్టొద్దు. జాంబపురాణం తెలుగు సాహిత్య చరిత్రల ఒక అధ్యాయంగ ఉండాలె, అనుబంధంగ వద్దు. సంగీత కాలేజీల మృదంగానికి పంతులున్నట్టు డప్పుకు, కిన్నెరకు, జమిడికకు పంతుళ్లుండాలె, ఆ పంతుళ్లు ఆ కులాలోళ్లే కావాలె, పంతుళ్ల జీతమే రావాలె. 1901 అని చెప్పే ప్రతి ఉపన్యాసం 1906 అని గూడ చెప్పాలె. మునగాల రాజా పేరు చెప్పిన నోటితోటే మునగాల వెట్టి పేరు చెప్పాలె. గ్రంథాలయం గోడ మీద దాతల పేర్లు చెక్కుతరు గదా, పక్కన ఒక పలక ఖాళీగ పెట్టి, "ఈ సొమ్ము పండించిన వారి పేర్లు ఎవరూ రాసుకోలేదు" అని రాయాలె. ఆ ఒక్క వాక్యం చాలు.

డప్పు సాలించాలె, అది కులవృత్తి, అది సంకెల అనే మా వాళ్ల మాట గూడ నాకు తెలుసు. చావు డప్పు, వెట్టి డప్పు సాలించాల్సిందే. మా నాయినను గేటు బయట నిలబెట్టిన డప్పు పోవాలె. మా వాడల రాత్రి పూట మోగిన డప్పు పోవద్దు. రెండూ ఒకటే డప్పు గదా అంటరా? కాదు. ఎవరు పిలిస్తే మోగిందన్నదే తేడా.

మా నాయిన 2009లో పోయిండు. ఆఖరి దినాలల్ల ఒకసారి అడిగిన, ఆ సభ రోజు నన్ను ఎందుకు పిలవలేదని. ఆయన నవ్విండు. "పిలిస్తే నువ్ బయటికి రావాలె గదరా. నువ్ లోపల ఉండుడే నాకు కావాలె" అన్నడు.

అది విని నేను ఏడ్చిన మాట నిజం. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటను గూడ నేను ఒప్పుకోను. కొడుకు లోపల ఉండాలంటే తండ్రి బయట ఉండాలనే లెక్క ఎవడు రాసిండు? నాయిన ఆ లెక్కను ప్రేమతోటి ఒప్పుకున్నడు. నేను ఒప్పుకుంటే అది ద్రోహం.

నా బిడ్డ పట్నంల చదువుకుంటున్నది. పోయిన ఏడు వాళ్ల కాలేజీల ఏదో ఉత్సవమైతే, ఇంట్ల సూరుకు వేలాడే తాత డప్పు తీసుకొని పోయింది. వేదిక మీదనే నిలబడి కొట్టిందట. ముందు కాపాలె గదా, ఎక్కడ కాచినవ్ బిడ్డా అని అడిగిన. "హాలుల్నే, నాయినా. వరండల కాగితాలు అంటుపెట్టిన. పొగ వస్తున్నదని ఒక మేడం కిటికీ వేయబోతే, తెరిచే ఉంచున్రి మేడం, ఇది మా తాత పొగ అన్న" అని చెప్పింది.